చావని ఏనుగు: అరవై నాలుగు గళ్ళ కథ – 9

బాబీ ఫిషర్ పదకొండు ఆటలు ఆడి పదకొండూ గెలిచిన పోటీ కథ గత భాగంలో చదివాం. 1963 డిసెంబరులో న్యూయార్క్‌లో మొదలై కొత్త సంవత్సరంలో ముగిసిన ఆ అమెరికా ఛాంపియన్‌షిప్ పేరు చెబితే ఇవాళ్టికీ అందరికీ గుర్తొచ్చేది ఫిషర్ ఒక్కడే. కానీ ఆ పోటీలోనే, ఫిషర్‌తో సంబంధం లేని మరో బల్ల దగ్గర, చదరంగ పుస్తకాలు అరవై ఏళ్ళుగా మళ్ళీ మళ్ళీ అచ్చువేస్తున్న ఒక డ్రా జరిగింది. తెల్ల పావులు లారీ ఎవాన్స్‌వి. నల్ల పావులు శామ్యూల్ రెషెవ్‌స్కీవి.

రెషెవ్‌స్కీ అల్లాటప్పా ఆటగాడు కాదు. 1911లో పోలండ్‌లో పుట్టాడు. ఎనిమిదేళ్ళకే యూరప్ నగరాలు తిరుగుతూ, గడ్డాలు నెరిసిన పెద్దమనుషులను వరసగా కూర్చోబెట్టి, ఒక్కడే అందరితో ఒకేసారి ఆడి ఓడించిన పిల్లాడు. 1920లో కుటుంబం అమెరికా చేరింది. పెద్దయ్యాక చదువు కోసం ఆటను కొన్నేళ్ళు పక్కనబెట్టాడు, అకౌంటెంట్ అయ్యాడు, ఆ లెక్కల ఉద్యోగంతోపాటే ఆడుతూ 1948లో ప్రపంచ ఛాంపియన్ పదవి కోసం తలపడిన అయిదుగురిలో ఒకడిగా నిలిచాడు. యూదు మతనిష్ఠ వల్ల శుక్రవారం పొద్దు గూకింది మొదలు శనివారం పొద్దు గూకేదాకా ఎంత పెద్ద పోటీ అయినా పావు ముట్టడు. ఆరంభపు ఎత్తులకే గంటలు గంటలు ఖర్చుపెట్టి, చివర్లో గడియారంతో పరుగు పందెం పెట్టుకోవడం ఆయన అలవాటు. అయినా చేతికి చిక్కిన ఆటను జారవిడిచే రకం కాదని పేరు. ఆ పేరు రెండుసార్లు దెబ్బతింది. రెండుసార్లూ ఒకే రకం దెబ్బ.

ముందు రెండో దెబ్బ సంగతి.

ఎవాన్స్‌కు అప్పుడు ముప్పయ్యొక్కేళ్ళు. అప్పటికే అమెరికా ఛాంపియన్ అయినవాడు, పత్రికలకు చదరంగం మీద రాసేవాడు, కలమూ నాలుకా రెండూ పదునే. అయితే ఈ ఆటలో 47వ ఎత్తుకు వచ్చేసరికి అతని పని అయిపోయింది. చూస్తున్నవాళ్ళకు మిగిలిన ప్రశ్న ఒక్కటే: ఓటమి ఎప్పుడు ఒప్పుకుంటాడని. ఎవాన్స్ ఒప్పుకోలేదు. రాజు పక్కనున్న బంటును హెచ్4 గడికి తోశాడు. పైకి చూస్తే అది వేరే ఎత్తు తోచక వేసిన ఎత్తు. ఆ బంటు వెళ్ళి ఎదుటి బంటుకు అడ్డంగా ఆగింది, ఇక కదలదు. దానివల్ల జి3లో ఉన్న బంటు దిక్కులేనిదైంది.

రెషెవ్‌స్కీ తన ఏనుగును ఇ2కు దించి చెక్ చెప్పాడు. తెల్ల రాజు మూలకు, హెచ్1కు జరిగాడు. ఇప్పుడు బోర్డును ఎవాన్స్ వైపు నుంచి చూడాలి. రాజు మూలలో ఉన్నాడు. రెండో వరస అంతా నల్ల ఏనుగు కాపలాలో ఉంది. బంట్లన్నీ ఎదుటి బంట్లకు ముఖాముఖి నిలబడి బిగుసుకుపోయాయి, ఒక్క జి3 బంటు తప్ప. కదలగల పెద్ద పావులు రెండే, మంత్రీ ఏనుగూ. రెషెవ్‌స్కీ మంత్రిని జి6కు వెనక్కి తీసుకుని ఉంటే ఆట గెలిచేవాడు. కానీ ఎదురుగా ఊరికే దొరికే బంటు ఉంది. అది తీసుకుంటే చెక్‌మేట్ ఒక్క అడుగు దూరం. మంత్రితో జి3 బంటును తీశాడు.

ఎవాన్స్ తన మంత్రిని తీసుకెళ్ళి నల్ల రాజు పక్కనే, జి8లో పెట్టి చెక్ అన్నాడు. తీసుకోక తప్పదు, రాజు తీసుకున్నాడు. వెంటనే తెల్ల ఏనుగు జి7 బంటును కొట్టి, ఆ రాజు ముక్కు ముందే నిలబడి మళ్ళీ చెక్ చెప్పింది. ఇప్పుడా ఏనుగును రాజుతో తీసినా, మంత్రితో తీసినా తెల్ల వైపు కదిలే పావు ఒక్కటీ ఉండదు. రాజుకు చెక్ లేదు, వెయ్యడానికి ఎత్తూ లేదు. నిబంధన ప్రకారం అది స్టేల్‌మేట్, అంటే డ్రా. పోనీ తీయకుండా రాజు పక్కకు తప్పుకుంటే? ఏనుగు ఏడో వరస మీదే వెంటపడి మళ్ళీ చెక్ చెబుతుంది. తీస్తే డ్రా, తీయకపోతే అంతులేని చెక్కులు. చంపబోతే ఆటే ఆగిపోతుంది కాబట్టి దాన్ని చంపే దారి లేదు. ఈ చావని ఏనుగుతో ఆట 50వ ఎత్తులో ముగిసింది. తరువాత ఈ ఆటకు ‘శతాబ్దపు బురిడీ’ అనే పేరు స్థిరపడింది.

అర పాయింటే కదా అనిపించవచ్చు. ఫిషర్ 11 పాయింట్లతో అందనంత దూరంలో ఉన్నాడు నిజమే. అతని తరువాత ఎవాన్స్ ఏడున్నరతో రెండోవాడు, పాల్ బెన్కో ఏడుతో మూడోవాడు. మంత్రిని బలిచ్చి సంపాదించిన ఆ అర పాయింటే ఇద్దరి మధ్య తేడా.

ఈ డ్రా సాధ్యం కావాలంటే ముందు ఒక నిబంధన ఉండాలి. కదలలేని రాజుకు శిక్ష పడకూడదు. ఇది చదరంగంలో మొదటినుంచీ ఉన్న మాట కాదు. అరబ్బుల షత్రంజ్‌లో ఎదుటివాడిని కదలకుండా బిగించినవాడు గెలిచినట్టే లెక్క. ఆ పద్ధతిలో ఎవాన్స్ ఏనుగు రెషెవ్‌స్కీకి పూర్తి పాయింటు తెచ్చిపెట్టేది. భారతీయుల ఆటలో లెక్క తిరగబడి ఉండేదని, ఇరుక్కుపోయిన రాజుదే గెలుపని తొమ్మిదో శతాబ్దపు అరబ్బు ఆటగాడు అల్-అద్లీ చెప్పినట్టు హెచ్.జె.ఆర్. ముర్రే 1913 నాటి తన బృహత్ చరిత్ర గ్రంథంలో నమోదు చేశాడు. విచిత్రంగా ఇంగ్లండు కూడా అదే పట్టు పట్టింది. 1614లో అచ్చయిన ఆర్థర్ సాల్ పుస్తకంలో స్టేల్‌మేట్ చేసినవాడే ఓడినట్టు. గెలిచే బలం చేతిలో ఉంచుకుని ఎదుటివాడి రాజును అలా నొక్కిపెట్టడం చేతగానితనమనీ, దానికి దండన పడాల్సిందేననీ ఆ కాలపు వాళ్ళ అభిప్రాయం. స్పెయిన్‌లో అయితే అది పూర్తి గెలుపూ కాదు, డ్రా కూడా కాదు, తక్కువరకం గెలుపు. పందెం కాసిన సొమ్ములో సగమే చేతికొచ్చేది.

రెండు వందల ఏళ్ళపాటు ఒక్కో దేశంలో ఒక్కో తీర్పుగా నడిచిన ఈ గందరగోళాన్ని తేల్చినవాళ్ళలో ముఖ్యుడు లండన్‌లో చదరంగం పాఠాలు చెప్పి బతికిన జేకబ్ హెన్రీ సారట్. 1808లో వెలువడిన తన పుస్తకంలో ఆయన స్టేల్‌మేట్‌ను డ్రాగా లెక్కించాలని గట్టిగా నిలబడ్డాడు. ఏడాది కిందటే పుట్టిన లండన్ చెస్ క్లబ్ ఆ మాట ఒప్పుకుంది. ఇంగ్లండు దారికి వచ్చాక దానికీ మిగతా లోకానికీ మధ్య తేడా మిగలలేదు. ఓడిపోతున్నవాడికి పందొమ్మిదో శతాబ్దం ఇచ్చిన వరం ఇది. అంతకుముందు చివరి నిమిషంలో పావులన్నీ పోగొట్టుకోవడం మూర్ఖత్వం; ఆ తరువాత అదొక విద్య.

విద్య అన్నాక దానికి విరుగుడు కూడా పుడుతుంది. 1895లో గ్లాస్గోలో ఒక వారపత్రిక చదరంగం శీర్షిక నడిపిన జార్జ్ బార్బియే, ఇరవై ఏళ్ళ కిందట లండన్‌లో పాటర్, ఫెంటన్‌ల మధ్య జరిగిన ఒక ఆటను తలుచుకుని చిన్న చిక్కుముడి అచ్చువేశాడు. తెల్లవైపు రాజు, మంత్రి కాబోతున్న ఒక బంటు. నల్లవైపు రాజు, ఒక ఏనుగు. చూడగానే నల్లవాడి ఓటమి తెలిసిపోతుంది. కానీ నల్ల ఏనుగు వరసగా చెక్కులు చెబుతూ తెల్ల రాజును సి2 దాకా దింపి, అకస్మాత్తుగా డి4లో ఆగుతుంది. బంటు సి8 చేరి మంత్రి అయిందా, ఏనుగు సి4కు వచ్చి చెక్ చెప్పి తనను తాను అప్పగించేస్తుంది. మంత్రి దాన్ని తింటే ఏ1 మూలనున్న నల్ల రాజుకు కదలడానికి గడి లేదు. డ్రా. బార్బియే మురిసిపోయి ఉంటాడు.

ఆ ఊళ్ళోనే ఉంటున్న ఫెర్నాండో సావెద్రా అనే స్పానిష్ పాదరీ ఆ ముడిలో ఒక సందు కనిపెట్టాడు. బంటును మంత్రిని చేయొద్దు, ఏనుగును చేయండి అన్నాడు. మంత్రి అయితే సి4 నుంచి ఏ2 గడిని ఏటవాలుగా కాపలా కాస్తుంది కాబట్టే స్టేల్‌మేట్ వస్తోంది. ఏనుగుకు ఏటవాలు నడక లేదు; ఏ2 ఖాళీగా ఉంటుంది, నల్ల రాజుకు ఊపిరాడుతుంది, కాబట్టి ఆట డ్రా కాదు. పైగా కొత్త ఏనుగు ఏ8కు వెళ్ళి ఆటకట్టు చెబుతానని బెదిరిస్తోంది. నల్ల ఏనుగు ఏ4కు వచ్చి అడ్డుకోవాలి. అప్పుడు తెల్ల రాజు బి3కి జరిగితే ఒకే దెబ్బకు రెండు బెదిరింపులు: అటు ఏనుగు పోతుంది, ఇటు సి1లో ఆటకట్టు. చదరంగ చరిత్రలో ఆ పాదరీ పేరు నిలవడానికి ఈ ఒక్క ఎత్తే కారణం. మంత్రి కంటే చిన్న పావును కోరుకుని గెలవడం ఇప్పటికీ శిక్షణ శిబిరాల్లో పిల్లలకు మొదట చూపించే వింతల్లో ఒకటి.

ఇక రెషెవ్‌స్కీ తిన్న మొదటి దెబ్బ దగ్గరకు. 1942, మళ్ళీ అమెరికా ఛాంపియన్‌షిప్, మళ్ళీ న్యూయార్క్. ఆ పోటీకి అపఖ్యాతి వేరే కారణంగా వచ్చింది. ఆర్నాల్డ్ డెంకర్‌తో ఆడుతున్నప్పుడు రెషెవ్‌స్కీ గడియారంలో సమయం అయిపోయింది. నిర్వాహకుడు గడియారాన్ని వెనక వైపు నుంచి చేతిలోకి తీసుకుని, ఇటు తిప్పేసరికి కుడి ఎడమలు తారుమారు చేసుకుని, సమయం మించింది డెంకర్‌కేనని ప్రకటించాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నెత్తీ నోరూ బాదుకున్నా తీర్పు మారలేదు. ఓడాల్సిన ఆట రెషెవ్‌స్కీ ఖాతాలో గెలుపుగా పడింది.

అంత అదృష్టం కలిసొచ్చిన పోటీలోనే కార్ల్ పిల్నిక్ అనే, పెద్దగా పేరులేని ఆటగాడితో ఆట తొంభై ఎత్తులు దాటి సాగింది. బోర్డు మీద మంత్రులు, కొన్ని బంట్లు తప్ప మరేమీ లేవు. గెలుపు రెషెవ్‌స్కీ వైపే. 92వ ఎత్తులో ఆయన తన జి బంటును ఒక గడి ముందుకు తోశాడు. పిల్నిక్ తన మంత్రిని ఎఫ్2కు తెచ్చి, ఎదుటి మంత్రి నోటికందేలా పెట్టాడు. తింటే స్టేల్‌మేట్. ఆట డ్రా అయింది. పోటీ ముగిసేసరికి రెషెవ్‌స్కీ, ఐజాక్ కాష్డన్ సమానంగా నిలిచారు. పిల్నిక్ దగ్గర జారిపోయిన అర పాయింటు చేతిలో ఉండి ఉంటే ఆ లెక్కలో రెషెవ్‌స్కీ ఒక్కడే పైన ఉండేవాడు. చివరికి ఇద్దరి మధ్యా విడిగా మ్యాచ్ పెడితే రెషెవ్‌స్కీయే గెలిచాడు కాబట్టి పదవి దక్కింది. డెంకర్‌కు మాత్రం న్యాయం దక్కలేదు.

రెండు ఆటలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. పిల్నిక్, ఎవాన్స్ ఇద్దరూ తెలివైన వల పన్నినవాళ్ళే. కానీ ఆ వలకు తాళ్ళు అందించింది గెలుస్తున్నవాడే. తెల్ల రాజును మూలకు తరిమినవాడు రెషెవ్‌స్కీ, రెండో వరసను మూసినవాడు రెషెవ్‌స్కీ, ఎవాన్స్‌కు మిగిలిన ఆఖరి కదిలే బంటును తీసేసినవాడూ రెషెవ్‌స్కీయే. గెలుపు ఖాయమైపోయిన ఆటలో మనసు వేగం పెంచుతుంది. ఎదుటివాడికి ఇంకేం ఎత్తులు మిగిలాయని ఎవరూ లెక్కపెట్టరు. అమెరికా పాత ఛాంపియన్ ఫ్రాంక్ మార్షల్‌కు ఈ కిటుకు ఎంత నచ్చిందంటే, ఓడే ఆటల నుంచి తాను బయటపడ్డ బురిడీలన్నీ ఏరి 1914లో ఏకంగా ఒక పుస్తకమే వేశాడు.

అయినా బురిడీకి ఎన్ని చప్పట్లు కొట్టినా అందులో ఒక లోపం ఉంది. ఎదుటివాడు తప్పు చేయాలి. రెషెవ్‌స్కీ మంత్రి జి6కు వెళ్ళి ఉంటే ఈ వ్యాసంలో ఎవాన్స్ పేరు ఉండేది కాదు. ఎదుటివాడు ఏం చేసినా ఓడిపోని దారి వెతకడం ఇంతకంటే కష్టమైన పని, పత్రికల్లో దానికి ఇంత చోటూ దొరకదు. 1924లో న్యూయార్క్‌లో యాభై అయిదేళ్ళ మాజీ ప్రపంచ ఛాంపియన్ ఇమాన్యుయేల్ లాస్కర్, తన ఇంటిపేరే ఉన్న ఎడ్వర్డ్ లాస్కర్‌తో అలాంటి ఆట ఆడాడు. ఎడ్వర్డ్ దగ్గర ఏనుగు, ఒక బంటు. ఇమాన్యుయేల్ దగ్గర ఒంటరి గుర్రం. ఏ పుస్తకం ప్రకారం చూసినా అయిపోయిన ఆటే. 103 ఎత్తులు గడిచినా ఆ బంటు మంత్రి కాలేదు. ఆ పోటీలో ప్రథమ బహుమతి కూడా పెద్ద లాస్కర్‌కే దక్కింది.

అదే న్యూయార్క్ పోటీలో, ఎనిమిదేళ్ళుగా ఓటమి ఎరగని కాపబ్లాంకాను ఓడించి సంచలనం రేపిన రిచర్డ్ రేటీ, అంతకు మూడేళ్ళ ముందే ఒక చిన్న సమస్య అచ్చువేశాడు. మొత్తం నాలుగే పావులు. తెల్ల రాజు హెచ్8లో, బంటు సి6లో. నల్ల రాజు ఏ6లో, బంటు హెచ్5లో. ఎత్తు తెల్లవాడిది. నల్ల బంటు కిందికి పరుగెడుతోంది, తెల్ల రాజు రెండు అడుగులు వెనకబడి ఉన్నాడు, ఎంత ఉరికినా అందుకోలేడు. తన బంటుకు తోడు వెళ్దామంటే అదీ దూరమే, పైగా నల్ల రాజు దాని పక్కనే కాచుకున్నాడు. రేటీ జవాబు: రెంటినీ వెంటాడండి. రాజు జి7, ఎఫ్6, ఇ5 అంటూ ఏటవాలుగా నడుస్తాడు. ఆ నడకలో ప్రతి అడుగూ అటు పారిపోయే బంటుకూ దగ్గర చేస్తుంది, ఇటు తన బంటుకూ దగ్గర చేస్తుంది. నల్లవాడు ఒకదాన్ని ఆపడానికి ఆగితే రెండోది అందుతుంది. కాగితం మీద చూసినవాళ్ళు మొదట నమ్మరు, ఎత్తులు వేసి చూసుకుంటారు. ఇక్కడ ఎవరి తప్పు మీదా ఆధారపడింది లేదు.

ఇలాంటి పని నిజమైన పోటీలో, ప్రపంచ ఛాంపియన్ పరువు పణంగా ఉన్నప్పుడు జరిగితే ఎలా ఉంటుందో 1962లో బల్గేరియా తీరపట్టణం వర్నా చూసింది. ఒలింపియాడ్‌లో సోవియట్ జట్టు మొదటి బల్ల మీద మిఖాయిల్ బోత్విన్నిక్, యాభై ఒక్కేళ్ళు. అమెరికా తరఫున పందొమ్మిదేళ్ళ ఫిషర్. వాళ్ళిద్దరూ జీవితంలో ఎదురెదురుగా కూర్చున్నది ఆ ఒక్కసారే. బోత్విన్నిక్ ఇంటి దగ్గరే తయారుచేసుకొచ్చిన దారిలో ఆట నడిచింది. ఎత్తులన్నీ ముందే లెక్కగట్టుకున్నానన్న ధీమా. 17వ ఎత్తులో ఫిషర్ మంత్రితో ఎఫ్4లో ఒక బంటు తీశాడు. ఆ ఎత్తు బోత్విన్నిక్ లెక్కల్లో లేదు.

అక్కణ్ణుంచి ఛాంపియన్ జారుతూ వచ్చాడు. ఆ రోజు ఆట ఆగేసరికి ఏనుగులు, బంట్లు మిగిలిన స్థితిలో ఫిషర్‌కు ఒక బంటు ఎక్కువ, గెలుపు వాసన స్పష్టం. ఆ రోజుల్లో అసంపూర్తిగా ఆగిన ఆటలో తరువాతి ఎత్తును కవరులో పెట్టి సీలు వేసి, మర్నాడు కొనసాగించేవారు. మధ్యలో ఉన్న రాత్రి ఎవరిష్టం వాళ్ళది. సోవియట్ జట్టు ఆ రాత్రి నిద్రపోలేదు. దారి తోచినవాడు ఎఫిమ్ గెల్లర్. బోత్విన్నిక్ తన బంట్లను కాచుకుంటూ కూర్చుంటే ఎలాగూ ఓటమే. ఏనుగును చురుగ్గా తిప్పుతూ, ఫిషర్ బంట్లు మంత్రి వైపు పరుగెడుతుంటే పరుగెట్టనిచ్చి, తన రాజు వైపు బంట్లను కూడా ముందుకు నడపాలి. మర్నాడు ఆట 68వ ఎత్తులో డ్రాగా ముగిసింది.

ఫిషర్ దాన్ని మరిచిపోలేదు. 1969లో వచ్చిన ‘మై 60 మెమొరబుల్ గేమ్స్’ పుస్తకంలో ఈ ఆటను చేర్చి, తాను ఒకచోట వేరే ఎత్తు వేసి ఉంటే గెలిచేవాడినని వాదించాడు. ఆ పుస్తకానికి ఒక్కో ఆట ముందూ పరిచయ వాక్యాలు రాసింది ఎవరో కాదు, మన చావని ఏనుగు ఎవాన్సే. బోత్విన్నిక్ ఒప్పుకోలేదు. ఫిషర్ చూపిన దారిలో కూడా డ్రా ఉందన్నాడు. ఏళ్ళు గడిచాక తన శిక్షణ పాఠశాలలో పిల్లలకు ఆ స్థితిని ఇంటిపనిగా ఇచ్చాడు. పదమూడేళ్ళ కుర్రాడొకడు ఫిషర్ దారిలోనూ బోత్విన్నిక్ వైపును కాపాడే ఎత్తులు వెతికి పట్టుకొచ్చాడు. ఆ కుర్రాడి పేరు గారీ కాస్పరోవ్.

వచ్చే భాగంలో దీనికి తిరగబడ్డ కథ: డ్రా చేతిలో ఉండగా ఓడిపోవడం. 2024 డిసెంబరు 12, సింగపూరు. ప్రపంచ ఛాంపియన్‌షిప్ 14వ ఆట. ఒకవైపు ఛాంపియన్ డింగ్ లిరెన్, ఎదురుగా చెన్నైలో పెరిగిన తెలుగింటి కుర్రాడు దొమ్మరాజు గుకేశ్. గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువున్నా ఆ స్థితి డ్రా అయ్యేదే. 55వ ఎత్తులో డింగ్ తన ఏనుగును ఎఫ్2లో పెట్టాడు.